ఉంగరపు వేలి గోరు

గోరంతను కొండంత చేస్తారని జనం ఒకరినొకరు ఆడిపోసుకుంటూ ఉంటారు. ఈ కథ మాత్రం అచ్చంగా గోరంత సంగతే. కొండ ఎటూ ఊరి నెత్తిమీదే ఉంది, దాన్ని రోజూ తవ్వుతూనే ఉన్నారు. దాని గొడవ మనకొద్దు.

ఇనుప గనుల ఊరైన కిరందుల్ మార్కెట్లో మందుల దుకాణం పక్కన సూర్యకాంతం గారి బ్యూటీ పార్లరు ఉంది. ఆవిడది విజయనగరం వైపు. మొగుడు గనిలో షావెల్ యంత్రం నడుపుతాడు, ఆవిడ ఊళ్ళో ఆడవాళ్ళ తలలు నడుపుతుంది. కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి మాడుకు పట్టించి మర్దన చేసిందంటే ఎంతటి తలనొప్పయినా తోక ముడవాల్సిందే. పక్క ఊరు బచేలీ నుంచి కూడా బస్సెక్కి వస్తారు ఆ మర్దన కోసం. మనిషి మంచిదే, నోరు మాత్రం మంచిది కాదు. ఆ సంగతి ఆవిడే చెప్పుకుంటుంది.

సోమక్క ఆ పార్లరు ఊడ్చి తుడిచే మనిషి. పాతికేళ్ళుంటాయి. ఉసూర్ బ్లాకులో బాసగూడకి అవతల ఓ పల్లె ఆమెది. పెళ్ళికి ముందు ఏటా చలికాలం చివర్లో తల్లితో కలిసి చెర్ల వైపు మిరప కోతకు పోయేది. పెళ్ళయ్యాక పెనిమిటి అప్పయ్యకు లోడింగ్ ప్లాంటులో ఠేకాదారు కింద కూలి పని దొరికింది, ఇద్దరూ ఇక్కడికి చేరారు. తెలుగు, దొర్లీ, గోండీ, హిందీ నాలుగూ వచ్చు గానీ ఏ భాషలోనూ పెద్దగా మాట్లాడదు. చూస్తుంది. చూసినదాన్ని ఇంటికి మోసుకుపోయి, అన్నం వండుతూ దాని గురించే ఆలోచిస్తుంది. పార్లరు నేల పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి గని దుమ్ముతో మళ్ళీ ఎర్రబడుతుంది. ఆ ఎరుపు తుడవడానికి వంగినప్పుడల్లా ఆమె చూపు కిటికీ పక్కనున్న బల్ల మీదికి పోయేది.

ఆ బల్ల ఒకప్పుడు మంజరిది. జగ్దల్‌పూర్ పిల్ల. గోళ్ళు కట్టే విద్య నేర్చుకుని వచ్చింది. గోళ్ళు కట్టడం అంటే దుకాణంలో దొరికే ప్లాస్టిక్ గోళ్ళు అంటించడం కాదు. బంగారు రంగు కాగితపు బిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్ని ఫారం అంటారు. నడుమ చిల్లు, వెనక జిగురు, ముందు గోరు ఎంత పొడుగు రావాలో కొలిచి గీసిన గీతలు. ఆ ఫారాన్ని వేలికి తొడిగి, గోటి కొస కిందకి సందు లేకుండా దూర్చి, రెండు పక్కలా నొక్కి గుండ్రంగా వంచాలి. అసలు గోటి మీదా, కాగితం మీదా కలిపి కుంచెతో జెల్ పరవాలి. చేతిని నీలం దీపం కింద ఒక నిమిషం పెడితే జెల్ గట్టిపడుతుంది. అప్పుడు కాగితం పీకేస్తే గోరు నిలబడుతుంది, కింద ఏ ఆధారమూ లేకుండా.

సోమక్క మొదటిసారి అది చూసినప్పుడు తుడిచే గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. స్లాబు పోసి సెంట్రింగ్ చెక్కలు ఊడదీసినట్టే ఉందే ఇది, అనుకుంది. ఇంటికెళ్ళి అప్పయ్యకు చెబితే, ఆడవాళ్ళ గోటికి కూడా సెంట్రింగా అని పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమెకు అందులో ఇంకోటి కనిపించింది. గోళ్ళు కట్టేంతసేపూ మంజరి ఎదుటిమనిషి చేతిని తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క వేలినీ పట్టి పట్టి చూసేది. సోమక్క చేతుల్ని ఆ రోజుదాకా ఎవరూ అలా చూడలేదు. చూసినవాళ్ళు ఎన్ని కాయలు కోశావనే చూశారు. ఆ కుర్చీలో కూర్చోవాలని, అలా ఒకరి చేతిని పట్టుకుని పనిచేయాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది. ఎవరితో చెప్పుకుంటుంది?

మంజరి పని మొదటి ఆరు నెలలు దివ్యంగా సాగింది. మూడు వారాలైనా గోరు కదిలేది కాదు. దాంతో గిరాకీ పెరిగింది. సూర్యకాంతం గారు మర్దనల మధ్యలో వచ్చి ఓ చెయ్యి వేసేది కూడాను. ఆ తరవాత ఏం మాయదారి కాలం దాపురించిందో, మూడో రోజుకో నాలుగో రోజుకో గోళ్ళు పైకి లేవడం మొదలైంది. ఫిర్యాదు మీద ఫిర్యాదు. చివరికి ఒక పెళ్ళికూతురి గోరు నిశ్చితార్థం నాడు లడ్డూల పళ్ళెంలో రాలిపడి, అది పోయి పోయి మగపెళ్ళివారి చేతికే దొరికింది. ఆ పెళ్ళికూతురి తల్లి పార్లరుకొచ్చి నిలబడి తిట్టింది. ఆవిడ వెళ్ళగానే సూర్యకాంతం గారు అందరి ముందూ మంజరిని కడిగేసింది. పని రానిదానివి వచ్చని ఎందుకు చెప్పావంది. ఆ పిల్ల సామాను అక్కడే వదిలేసి, సంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆరు నెలలుగా కిటికీ పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది.

దీపావళి గిరాకీ కోసం జుట్టుకు ఆవిరి పట్టే మెషీను తెప్పిస్తున్నాననీ, దాన్ని ఆ బల్ల ఉన్న చోటే పెడతాననీ, బల్లా దీపం ఎవరికైనా ఇచ్చేస్తాననీ సూర్యకాంతం గారు ప్రకటించిన రోజున సోమక్క నోరు తెరిచింది. ఆ పని నేను నేర్చుకుంటానంది. కుర్చీలో నూనె పెట్టించుకుంటున్న ఆఫీసరు భార్య పకపకా నవ్వింది. సూర్యకాంతం గారు నవ్వలేదు గానీ, ఆవిడకో నియమం ఉంది. తన చేతికి నిలవని గోరు పరాయి చేతికి పెట్టకూడదు. ఆవిడ కూడా ఏ కొత్త జుట్టు రంగయినా ముందు తన నెత్తిమీదే వేసుకుని చూసే మనిషి.

“మెషీను దీపావళి ముందు ఆదివారం వస్తుంది. ఆలోగా నీ పది వేళ్ళకీ నువ్వే కట్టుకుని చూపించు. ఇక్కడ ఊడుస్తూ, ఇంట్లో అంట్లు తోముతూ ఏడు రోజులు నిలవాలి. పదికి పది నిలిస్తే కుర్చీ నీది. ఒక్కటి రాలినా మళ్ళీ నా ముందు ఈ మాట ఎత్తకు” అంది.

మంజరి వదిలేసిపోయిన చుట్టలో ఫారాలు ముప్ఫై ఉన్నాయి. పనొచ్చిన మనిషి లేనిదే కొత్త చుట్ట తెప్పించనని ఆవిడ ఖరాఖండిగా చెప్పింది. ముప్ఫై అంటే మూడుసార్లు. అంతే.

మొదటి చిక్కు అసలు మొదలుపెట్టకముందే ఎదురైంది. ఫారం దూర్చాలంటే గోటికి కాస్త కొస ఉండాలి. బండలు తోమే చేతికి కొస ఎక్కడిది? పది రోజులు గోళ్ళు పెంచింది. రోజూ పొద్దున లేవగానే వెలుతురులో వేళ్ళు ఆడించి చూసుకుంటుంటే, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే వాళ్ళని చూశాను గానీ గోళ్ళకి కాపలా కాసే దాన్ని ఇప్పుడే చూస్తున్నానని అప్పయ్య ఏడిపించాడు.

మొదటి పది ఫారాలూ నేర్చుకోవడానికే పోయాయి. రెండు దాటి నాలుగయ్యేలోపు పార్లరులో ఎవరూ ఉండరు, ఆ వేళలో కూర్చునేది. ఫారం కొస కిందికి వాలితే గోరు చిలక ముక్కులా వంగింది. పైకి లేస్తే గరిటెలా తేలింది. గోటికీ కాగితానికీ మధ్య వెంట్రుకవాసి సందున్నా జెల్ కిందకి కారి చర్మానికి అంటుకుంది. బొటనవేలి గోరు వెడల్పు, ఫారం చిల్లు దానికి చాలదు. అక్కడ కాగితం మూలలు కత్తెరతో కొద్దిగా కోయాలని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. కనిపెట్టిన ప్రతిసారీ ఒంటరిగా నవ్వుకుంది. ఇంత చిన్న కాగితంలో ఇన్ని సంగతులున్నాయా అని ఆమెకు ఒకటే ఆశ్చర్యం.

రెండో పది పెట్టుకున్నప్పుడు పని కుదిరింది. ముందు కుడిచేత్తో ఎడమచేతి గోళ్ళు కట్టింది. అరగదీసి, నునుపు చేసి, చివర్న గోటి మొదళ్ళకు నూనె రాసి ముగించింది. మంజరి కూడా అలాగే ముగించేది. మంజరి ఒక్కో చుక్క వేసేది, సోమక్క మాత్రం ధారాళంగా చేయంతా పట్టించింది. మిరప తోటలో అలవాటు అది. వేళ్ళు మండకుండా చేతులకు నూనె దట్టించుకోనిదే ఎవరూ చేలోకి దిగరు. తరవాత ఎడమచేత్తో కుడిచేతి గోళ్ళు కట్టింది. పదీ చూడముచ్చటగా వచ్చాయి. స్టీలు గ్లాసు మీద టకటకలాడించి ఆ చప్పుడు విని మురిసిపోయింది.

మూడో రోజు కుడి బొటనవేలి గోరు లేచింది. ఐదో రోజుకు కుడిచేతికి ఒక్కటీ మిగల్లేదు. ఎడమచేతివి అయిదూ గుండ్రాళ్ళలా ఉన్నాయి.

సూర్యకాంతం గారు చూసి, ఎడమచేతివాటం లేనివాళ్ళు ఎడమచేత్తో చేస్తే అంతేనే, నీ తప్పు కాదులే అంది. ఆవిడ నోట అంత మెత్తని మాట రావడమే అరుదు. కానీ సోమక్కకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె ఎడమచేయి తక్కువది కాదు. మిరప కోసేవాళ్ళకు కుడీ ఎడమా తేడా ఉండదు. రెండు చేతులూ చెట్టులోకి పోయి రెండు చేతులూ కాయలతో రావాలి, లేకపోతే సాలు వెనకబడుతుంది. పన్నెండో ఏటి నుంచి కోసిన చేయి అది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చేతి మీద నెపం పెట్టి ఊరుకుంటే కడుపు నిండుతుందేమో గానీ బుర్ర ఊరుకోదు. చేయి తప్పు కాకపోతే మరి దేని తప్పు?

ఆ సాయంత్రం చెత్తబుట్ట ఒంపబోతూ ఆగిపోయింది. వారం నుంచి తను వాడి పారేసిన ఫారాలు అడుగున ఉన్నాయి. వాటిని ఏరి, కిటికీ గట్టు మీద పరిచి చూసింది. ఎడమచేతివి వేరు, కుడిచేతివి వేరు చేయడం కష్టం కాలేదు. కుడిచేతికి వాడిన వాటి అంచులు బజ్జీలు కట్టిన కాగితంలా నీడ తేలి ఉన్నాయి. వేలితో తడిమితే జిగురు సగం చచ్చిపోయి ఉంది. నూనె. ముందు నూనె రాసి ముగించిన ఎడమచేత్తోనే కదా వాటిని చుట్ట మీంచి ఒలిచింది, కుడి గోళ్ళను పట్టుకుంది. కాగితం జారి సందు ఏర్పడి ఉంటుంది, జిడ్డు గోటి మీద జెల్ పట్టి ఉండదు.

ఇంకొకరైతే అక్కడితో సంబరపడి, మిగిలిన పదీ పొడిచేత్తో కట్టుకుని కుర్చీ ఎక్కేసేవారు. సోమక్కకు అలా కుదరలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. పదీ పొడిచేత్తో కడతాను, నిలుస్తాయి. అప్పుడు అవి నూనె లేనందుకు నిలిచినట్టా, నా చేయి ఇంకాస్త తిరిగినందుకు నిలిచినట్టా? ఏది నిజమో ఎలా తెలుస్తుంది? తెలియకుండా రేపు ఒక పెళ్ళికూతురి చేయి పట్టుకుంటే, మళ్ళీ లడ్డూల పళ్ళెంలో గోరు రాలదని పూచీ ఏమిటి? తెలుసుకోవాలంటే దారి ఒక్కటే ఉంది, ఆ దారిలో వెళితే కుర్చీ పోతుంది. అప్పయ్యను అడిగితే, పిచ్చిదానా ముందు కుర్చీ పట్టు, కూర్చున్నాక తీరిగ్గా పరీక్షలు పెట్టుకో అన్నాడు. మాట సబబుగానే ఉంది. ఆమెకే మనసొప్పలేదు.

మెషీను వచ్చే ఆదివారానికి ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం మధ్యాహ్నం వేళ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఆరబెట్టుకుని కూర్చుంది. తొమ్మిది వేళ్ళకు పొడిచేత్తో ఫారాలు తొడిగి గోళ్ళు కట్టింది. పదోది కుడిచేతి ఉంగరపు వేలు. బొటనవేలినో చూపుడువేలినో ఎంచుకుంటే పని ఒత్తిడికి రాలిందనవచ్చు. ఉంగరపు వేలంత సోమరి వేలు చేతిలో ఇంకోటి లేదు. అదే రాలితే ఇక సందేహం ఉండదు. సీసా మూత తీసి, ఎడమచేతి వేళ్ళకు నూనె రాసుకుని, ఆ వేళ్ళతో ఆఖరి ఫారం ఒలిచింది. ఒలుస్తుంటే ఏడుపు వచ్చింది, దాచుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

నాలుగో రోజు ఇంట్లో తడిబట్టలు పిండుతుంటే ఉంగరపు వేలి గోరు చన్నీళ్ళ బకెట్లో తేలింది. మిగతా తొమ్మిదీ చెక్కుచెదరలేదు. దాన్ని నీళ్ళలోంచి తీసి కొంగుకు తుడిచి, చాలాసేపు చూసింది. ఒక కన్ను ఏడుస్తుంటే ఒక కన్ను నవ్వినట్టయింది ఆమెకు.

శనివారం మధ్యాహ్నం ఒక మర్దన ముగించి, మనిషిని పంపించి, సూర్యకాంతం గారు సోమక్క చేతులు పట్టుకుంది. కిటికీ దగ్గరకు లాక్కుపోయి ఒక్కో గోరూ ఎత్తి చూసింది. గోటి పక్క నుంచి, కింద నుంచి, కొస నుంచి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తొమ్మిది దాటి పదో వేలి దగ్గరకొచ్చి ఆగింది. ఆవిడకు నిజంగానే బాధేసినట్టుంది, గొంతు తగ్గించి, పదన్నాను కదే అంది. రేపు మెషీను వస్తుంది, నేనేం చెయ్యనంది.

సోమక్క తల ఊపింది. ఆ గోరు తనంతట అది రాలలేదనీ, కావాలనే నూనె చేత్తో కట్టాననీ చెప్పింది. సూర్యకాంతం గారికి మొదట అర్థం కాలేదు. కావాలని పాడు చేసుకోవడమేమిటి, మతి గానీ పోయిందా అని కసిరింది. అప్పుడు సోమక్క కొంగుముడి విప్పి, చెత్తబుట్టలోంచి ఏరి దాచిన ఫారాలు బల్ల మీద పరిచింది. ఏది ఏ చేతిదో, ఏది ఎన్నాళ్ళు నిలిచిందో, నూనె అంటినది ఎందుకు జారిందో చూపించింది. తన జన్మలో అంతసేపు ఆగకుండా మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

“పది నిలిస్తే కుర్చీ వస్తది గనీ, ఎందుకు నిలిచినయో నాకెర్క ఉండదు గదమ్మా. ఎర్క లేకుంట ఇంకొకల చెయ్యి ఎట్ల పట్టుకోవాలె?” అంది.

సూర్యకాంతం గారు ఒక నీడ తేలిన ఫారం తీసి వెలుతురుకు పట్టి చూసింది. కాగితం పట్టుకున్న ఆవిడ వేళ్ళు ఇందాకటి మర్దన నూనెతో మిలమిల మెరుస్తున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది.

“సోమీ, గిరాకీ ఎక్కువైనప్పుడు మంజరికి ఫారాలు ఒలిచి అందించింది ఎవరే?”

“మీరేనమ్మా.”

“మర్దన మధ్యలోంచి లేచొచ్చి.”

“అవునమ్మా.”

“చేతులు కడుక్కునేదాన్నా?”

సోమక్క బల్ల మీది కాగితాల వరస సరిచేయసాగింది. తను రోజూ తుడిచిన నేల మీద అలాంటి జిడ్డు కాగితాలు నెలల తరబడి ఏరి పారేసిన సంగతి ఆమెకు అప్పటికే గుర్తొచ్చింది. రెండు రోజులుగా ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరుగుతోంది.

సూర్యకాంతం గారు కుళాయి కింద చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. తుడుచుకుని, ఫోన్ తీసి మంజరి నంబరు వెతికింది. మంజరి ఇప్పుడు జగ్దల్‌పూర్‌లో ఓ పెద్ద పార్లరులో చేస్తోందని అందరికీ తెలుసు. గోళ్ళ పని కాదు, కనుబొమ్మల పని. గోళ్ళ పని తనకు రాదని అక్కడ చెప్పుకుందట. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి తీసింది.

సూర్యకాంతం గారి హిందీ ఎప్పుడూ తిట్లకే బాగా తిరుగుతుంది. ఆ రోజు తడబడింది. ఆ గోళ్ళు నీ వల్ల రాలలేదమ్మా, నా నూనె చేతుల వల్ల రాలాయి, నలుగురి ముందు నిన్ను అన్నాను, తప్పు నాదే అని చెప్పింది. అవతల నుంచి మంజరి ముక్కు చీదిన చప్పుడు, ఆ తరవాత ఒకే ఒక్క ప్రశ్న. ఇది కనిపెట్టిందెవరు?

“సోమక్క. మా సోమక్క” అంది సూర్యకాంతం గారు. “ఇప్పుడు నీ కుర్చీలో కూర్చుని ఉంది.”

సోమక్క నిజానికి అప్పుడు బల్లకు ఇవతల నిలబడి, జిడ్డు కాగితాలు పోగుచేసుకుంటోంది. పెద్దావిడ మాట అబద్ధం కాకూడదని గబగబా వెళ్ళి కూర్చుంది.